మంచుకు చావని వెదురు మన చల్కలో నాటొచ్చా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాకు అయిదెకరాల ఎర్ర చల్క (ఇసుక కలిసిన ఎర్ర నేల) ఉంది. మూడెకరాల్లో బత్తాయి, మిగతాది పత్తి. రెండు బోర్లలో ఒకటి ఎండాకాలం వట్టిపోతుంది. మా అన్న కొడుకు అమెరికాలో కనెక్టికట్‌లో ఉంటాడు. వాళ్లింటి వెనక వెదురు ఉంది. పచ్చటి బొంగు మీద పసుపు గీత, కొన్ని బొంగులు అడుగున వంకరగా ఉంటాయి. మోకాలి లోతు మంచు పడ్డా పచ్చగానే ఉంటుందట, ఎవరూ నీళ్లు కూడా పెట్టరట. అదే జాతి అని ఆన్‌లైన్‌లో మొక్క 450 రూపాయలకు అమ్ముతుంటే ఆరు తెప్పించాను. ఇంకా సంచుల్లోనే ఉన్నాయి. తోట చుట్టూ వేస్తే గాలికి అడ్డం ఉంటుంది, కాయ బరువుకు వంగే కొమ్మలకు ఊతకర్రలు దొరుకుతాయి, కొమ్ములు (నేలలోంచి పొడిచే లేత మొలకలు) హైదరాబాద్ హోటళ్లకు అమ్ముకోవచ్చు అనుకుంటున్నాను. ఇంకో 200 ఆర్డర్ పెట్టాలా? మా అన్న కొడుకు వచ్చేటప్పుడు అసలు దుంపే తెస్తానంటున్నాడు. మా అమ్మేమో వెదురు ఇంటి దగ్గర వద్దంటోంది. పడమటి గెట్టు అవతల మా పాలోళ్ల (దాయాదుల) చేను. మంచంత చలికే చావనిది మన ఎండకు చస్తుందా అని నా ధీమా. ఏం చేయమంటారు?
– ఒక బత్తాయి రైతు, దేవరకొండ

జవాబు: అన్నా, ఆ 200 మొక్కల ఆర్డర్ పెట్టకండి. మంచులోనూ అంత పచ్చగా ఉండేదాన్ని ఒక్క మాటలో వద్దంటే మనసుకు పట్టదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు రాసిన గుర్తులను బట్టి మీ అన్న కొడుకు ఇంటి వెనక ఉన్నది ఫిల్లోస్టాకిస్ ఆరియోసల్కాటా. అక్కడివాళ్లు ఎల్లో గ్రూవ్ బ్యాంబూ అంటారు. శాస్త్రీయ నామంలో ఉన్నదీ అదే, బంగారు రంగు గాడి అని. దాని పుట్టిల్లు చైనా. చలి సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగినా బతుకుతుంది. ఇదే కుటుంబంలో ఫిల్లోస్టాకిస్ నూడా అనేది ఇంకా గట్టిది, 25 డిగ్రీలు కిందికి పోయినా ఓర్చుకుంటుంది. మంచు బరువుకు బొంగులు నేలకు వంగిపోతాయి, మంచు కరగగానే మళ్లీ లేస్తాయి. పైన ఆకు మాడిపోయినా మట్టి కింద దుంప క్షేమంగా ఉంటుంది కాబట్టి ఎండలు రాగానే కొత్త కొమ్ములు పొడుస్తాయి.

అది పనికిరాని మొక్క అని నేను అనడం లేదు. దాని చోట అది బంగారమే. లేత కొమ్ములు తింటారు. బొంగులు తీగ కూరగాయలకు కర్రలుగా, దడులకు, గేలం కర్రలకు వాడతారు. వాషింగ్టన్ జూలో పాండాలకు వేసే మేతలో ఇది ముఖ్యమైనది. దీని చుట్టం మోసో వెదురు చైనాలో పెద్ద పరిశ్రమే నడిపిస్తోంది. ఇళ్లలో పరిచే పలకలు, ప్లైవుడ్, కాగితం, కొమ్ముల డబ్బాలు అన్నీ దాని నుంచే. జపాన్‌లో మడాకే అని ఇంకో చుట్టం ఉంది. 1880లో ఎడిసన్ కరెంటు బల్బులో వెలిగే తీగ కోసం రకరకాల నారలు కాల్చి చూస్తున్నప్పుడు, ఎక్కువ గంటలు నిలిచింది క్యోటో దగ్గరి ఈ మడాకే పీచే. ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన బల్బుల్లో వెలిగింది వెదురే. ఈ జాతి మీద మీకు మోజు పుట్టడంలో తప్పేమీ లేదు.

చిక్కు మీ ధీమాలో ఉంది. చలికి తట్టుకోవడం వేరు, ఎండకు తట్టుకోవడం వేరు. చలికాలంలో మొక్క దాదాపు నిద్రలో ఉంటుంది, ఆకు నుంచి నీరు పెద్దగా పోదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఆకు పొద్దున్నుంచి పొద్దుమూకే దాకా నీళ్లు ఆవిరి చేస్తూనే ఉంటుంది, కింద చల్కలో ఇచ్చేందుకు తడి ఉండదు. వాళ్లు నీళ్లు పెట్టరంటే దానికీ కారణం ఉంది. కనెక్టికట్‌లో ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది, అదీ పన్నెండు నెలలకూ దాదాపు సమంగా. అక్కడ నీళ్లు పెట్టేది ఆకాశమే. మన వైపు 700 మిల్లీమీటర్లు అటూ ఇటూ, అదీ నాలుగైదు నెలల్లోనే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు కదా! ఆ కార్తెలో వట్టిపోయిన బోరు పక్కన ఈ మొక్క ఆకు కొసలు ముందు ఎండుతాయి, తర్వాత ఆకు సన్నగా చుట్టుకుపోతుంది, ఆ తర్వాత మొదలు ఎండుతుంది.

నీళ్లు పెట్టి బతికిస్తానంటారేమో. బతకొచ్చు. కానీ అది బతికితేనే నాకు ఎక్కువ భయం.

వెదురు గడ్డి జాతి. గడ్డిలో రెండు రకాల నడక మీరు రోజూ చూసేదే. వరి పిలకలు వేసి ఉన్నచోటే దుబ్బు కడుతుంది. గరిక, తుంగ మడి దాటి పాకుతాయి. వెదురులోనూ అంతే. పొద కట్టేవి కొన్ని, పాకేవి కొన్ని. ఫిల్లోస్టాకిస్ కుటుంబం మొత్తం పాకేదే.

కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో మా చెల్లెలి ఇంటికి పెన్సిల్వేనియా వెళ్లినప్పుడు దీన్ని దగ్గర నుంచి చూశాను. అంతకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు కంచె పక్కన ఒక వరస నాటిపోయారు. మా చెల్లెలు కొన్నాక మూడో ఏడు పక్కింటి లాన్‌లో కొమ్ములు లేచాయి. పక్కింటాయన గొడవ పెట్టలేదు గానీ, రోజూ పొద్దున ఆయన వంగి ఆ కొమ్ముల్ని తన్ని విరుస్తుంటే మా చెల్లెలు కిటికీ దగ్గర నిలబడి టెన్షన్ పడేది. ఒకరోజు ఇద్దరం పార తీసుకొని తవ్వాం. జానెడు లోతులోనే దొరికింది. బొటనవేలంత లావు, లేత పసుపు రంగు, మోకు లాగా తిన్నగా పోతోంది. రెండు మూడు వేళ్ల మందానికి ఒక కణుపు, ప్రతి కణుపుకు చుట్టూ వేళ్లు, ఒక పక్కన నిద్రపోతున్న మొగ్గ. కొన చూస్తే పొలుసులు కప్పిన ఎద్దు కొమ్ములా గట్టిగా, మొనదేలి ఉంది. గులక రాయి అడ్డం వస్తే పక్కకు తిరిగి పోయింది. లాగితే రాలేదు, పారతో నరికితేనే తెగింది. తెగిన ప్రతి ముక్కకూ మొగ్గలున్నాయి, అంటే ప్రతి ముక్కా మళ్లీ ఒక మొక్కే. ఆ రోజు మధ్యాహ్నం దాకా తవ్వితే ఒక మూల మాత్రమే అయింది.

ఇప్పుడు మీ తోటలో ఆ మోకు ఎటు పోతుందో ఆలోచించండి. గట్టి నేలలోకి పోదు. మెత్తగా, తడిగా ఉన్నవైపు పోతుంది. మీ తోటలో మెత్తగా తడిగా ఉండేది ఎక్కడ? డ్రిప్ కింద, పశువుల పెంట వేసిన బత్తాయి పాదుల్లో. బత్తాయి తిండి వేళ్లు కూడా ఆ పైపొరలోనే ఉంటాయి. ఒకసారి పాదులో అల్లుకున్నాక తవ్వి తీస్తే బత్తాయి వేరు తెగుతుంది, తీయకపోతే బత్తాయి నీళ్లు వెదురు తాగుతుంది.

పడమటి గెట్టు అవతల పాలోళ్ల చేను అని రాశారు. గెట్టు తగాదాలు మన ఊళ్లలో ఎన్ని తరాలు నడుస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. జానెడు జరిగిందని కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లను మనం చూశాం. గెట్టు కింద నుంచి పాకిపోయే మొక్కను మీ చేతులతో నాటకండి. మీ అన్న కొడుకు ఉండే రాష్ట్రంలో ఈ గొడవలు ఎంత ముదిరాయంటే చట్టమే తెచ్చారు. 2013 నుంచి అక్కడ పాకే వెదురును పక్కవాళ్ల స్థలంలోకి పోనిస్తే నాటినవాళ్లదే బాధ్యత. అడ్డుగోడ లేకుండా నాటాలంటే హద్దుకు 40 అడుగుల దూరం ఉండాలి. పక్కనే ఉన్న న్యూయార్క్ రాష్ట్రం 2015 నుంచి ఈ పసుపు గాడి వెదురును అమ్మడమే నిషేధించింది. అతన్ని అడగండి, అతనికి ఈపాటికి తెలిసే ఉంటుంది.

మన దేశంలో పాకే వెదురును చక్కగా పెంచుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు. అరుణాచల్‌ప్రదేశ్‌లో జీరో లోయలో అపతానీలు తరతరాలుగా ఇళ్ల దగ్గర వెదురు తోటలు పెంచుతున్నారు, అది ఫిల్లోస్టాకిస్ కుటుంబానిదే. కానీ ఆ లోయ 1,500 మీటర్ల ఎత్తున ఉంది, వాన పుష్కలం, చలికాలం నిజంగా చలి. ఎవరి కుటుంబం తోట ఎంతవరకో ఊరందరికీ తెలుసు, ఏటా కొట్టి వాడుకుంటారు కాబట్టి అదుపులో ఉంటుంది. ఆ నేల వేరు, ఆ కట్టుబాటు వేరు.

మీకు కావలసింది గాలికి అడ్డం, ఊతకర్రలు. రెంటికీ మన దగ్గరే పుట్టిన మొక్క ఉంది. సాధన వెదురు. లాఠీ కర్రలు చేసేది దీంతోనే. నల్లమలలో, అమ్రాబాద్ గుట్టల మీద రాళ్ల మధ్య పెరిగేది ఇదే. పొద కడుతుంది, పాకదు. దాని దుంప తవ్వి చూస్తే అల్లం కొమ్ములా పొట్టిగా, లావుగా, ఒకదానికొకటి అతుక్కొని ఉంటుంది. పొడి నేలలో పెరిగితే బొంగు లోపల బోలు చాలా తక్కువ, ఒక్కోసారి అసలే ఉండదు. ఊతకర్రకు మీరు కోరుకునేది అదే కదా. ఎండకు ఇది చేసే ఉపాయం కూడా మన చెట్ల ఉపాయమే. మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాల్చేస్తుంది. మొదటి ఏడు అది చూసి చచ్చిపోయిందని పీకేయకండి. చాలామంది అలా పీకేశారు. తొలకరి పడగానే చిగురేస్తుంది.

తోట చుట్టూ వద్దు. మూడెకరాలు చదరంగా ఉందనుకుంటే ఒక్కో వైపు సుమారు 110 మీటర్లు. వడగాలి వచ్చేది పడమర నుంచి కాబట్టి ఆ ఒక్క వైపు చాలు. మూడు మీటర్లకు ఒకటి చొప్పున 37 మొక్కలు పడతాయి. చచ్చేవాటికి ఇంకో అయిదు కలుపుకోండి. గెట్టు మీద కాకుండా మీ చేనులోకి కనీసం రెండు మీటర్లు జరిపి నాటండి, పొద లావెక్కినా పాలోళ్ల వైపు పడదు. బత్తాయి మొదటి వరసకు అయిదారు మీటర్ల ఎడం ఉండాలి. మధ్యలో రెండడుగుల లోతు కందకం ఒకటి తవ్వి, రెండు మూడేళ్లకోసారి పూడిక తీస్తుంటే వెదురు వేళ్లు తోటలోకి రావు, వాన నీళ్లు కూడా అందులో ఇంకుతాయి. మీకు అంత చోటు లేకపోతే బత్తాయి జోలికి పోకుండా పత్తి చేను పడమటి అంచున వేసుకోండి.

రెండడుగుల గుంత, అందులో బాగా చివికిన పెంట నాలుగు గంపలు, పిడికెడు వేప పిండి. చల్కలో చెదలు ఎక్కువ, కొత్త మొక్కను మొదట్లోనే కొరికేస్తాయి. అందుకే పెంట పచ్చిది వేయకూడదు. మొదటి రెండు ఎండాకాలాలు వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలి. మొదలు చుట్టూ పత్తి కట్టె ముక్కలో, ఎండిన ఆకో మందంగా పరచండి. మేకలు, కోతులు, అడవి పందులు లేత కొమ్ములను వదలవు, కాబట్టి వానాకాలంలో కొమ్ములు పొడిచే ఆ రెండు నెలలు ముళ్ల కంప కట్టాలి. నాలుగో ఏడో అయిదో ఏడో నుంచి కోత మొదలవుతుంది. పొదకు అయిదారు బొంగులు తీసినా ఏడాదికి దాదాపు 200 ఊతకర్రలు మీ చేతికి వస్తాయి.

ఏ బొంగు కొట్టాలన్నది నేను అచ్చంపేట సంతలో ఒక మేదరి పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన కింద కూర్చొని, కాలి బొటనవేలితో బొంగు నొక్కిపట్టి, కత్తిని కొనమీద ఆనించి ఒక్క దెబ్బ కొట్టి రెండుగా చీల్చాడు. ఆ చీలిన సగాన్ని మళ్లీ సగం, ఆ సగాన్ని మళ్లీ సగం. చివరికి కాగితం మందం బద్ద ఆయన మోకాలి మీద వంగుతూ జారుతుంటే, కంటితో కాదు, బొటనవేలి స్పర్శతో మందం చూసుకుంటున్నాడు. "గంపకు లేతది గావాలె, నిచ్చెనకు ముదురుది గావాలె. లేత బొంగును నిచ్చెన జేస్తే ఎండినంక ముడుసుకపోతది" అన్నాడు. ఊతకర్రకు కూడా నిచ్చెన లెక్కే. మూడేళ్లు దాటినదే కొట్టండి. కొమ్ము పొడిచిన ఏడు దాని మీద రంగుతో గీత పెడితే తర్వాత వయసు వెతుక్కునే పని ఉండదు. వానాకాలంలో కొట్టొద్దు, చలికాలంలో కొట్టండి. నేల నుంచి మొదటి కణుపు పైన కొడితే మొదట్లో నీళ్లు నిలిచి కుళ్లదు. కొట్టిన బొంగును రెండు మూడు వారాలు బావిలోనో చెరువులోనో నాననిస్తే పిండి పదార్థం పోయి పురుగు తక్కువ పడుతుంది. అలా చేయకపోతే ఏడాది తిరిగేలోపు కింద సన్నటి పొడి రాలుతుంది.

మీ ఊరి చుట్టుపక్కల మేదరివాళ్లుంటే మొదటి కోతప్పుడే పిలిచి చూపించండి. చాట, గంప, గుమ్మి, బతుకమ్మ పేర్చే సిబ్బి అన్నిటికీ ఇప్పుడు వాళ్లు బొంగు దూరం నుంచి కొనుక్కుంటున్నారు. పది కిలోమీటర్లలో దొరికితే వాళ్లకు కిరాయి మిగులుతుంది, మీకు లేత బొంగులకు ధర వస్తుంది. అమ్మకానికి చట్టం అడ్డం ఉంటుందేమోనని భయపడే రోజులు చాలావరకు పోయాయి. అటవీ భూమి కాని చోట పెరిగిన వెదురును 2017లో కేంద్రం అటవీ చట్టంలోని చెట్ల లెక్క నుంచి తీసేసింది. అయినా లారీకి ఎత్తేముందు రేంజ్ ఆఫీసులో ఒక మాట అడిగి పట్టా కాగితం జిరాక్సు దగ్గర ఉంచుకోండి.

హోటళ్లకు కొమ్ములు అమ్మే ఆశ మాత్రం వదిలేయండి. కొమ్ములు ఏడాదికి ఒక్కసారి, కొన్ని వారాలే వస్తాయి. కోసిన గంటల్లోనే చేదెక్కడం మొదలవుతుంది. పచ్చి కొమ్ములో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది కాబట్టి ముక్కలు కోసి బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయకుండా తినకూడదు. ఇంట్లో పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. దేవరకొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వేసి పంపే సరుకు కాదిది. పైగా తీసిన ప్రతి కొమ్మూ మీకు రావాల్సిన ఒక ఊతకర్ర.

అమ్మ మాట కాదనకండి. పాడెకు వాడేది వెదురే కాబట్టి ఇంటి ముందు పెంచకూడదని పెద్దవాళ్లు అనుకుంటారు. ఆ బాధ వాళ్లది, వాదించి గెలిచే విషయం కాదు. పైగా ఎండిన ఆకు పేరుకున్న పొదలో పాములు చేరతాయి, ఇంటికి దూరంగా ఉండడమే మంచిది. పడమటి అంచున అని చెబితే ఆమె ఒప్పుకుంటుందనే నా నమ్మకం.

సంచుల్లో ఉన్న ఆరు మొక్కల సంగతి. ముందు అవి నిజంగా ఏమిటో చూడండి. బొంగును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని కొమ్మ ఉన్న కణుపు నుంచి పైకి జరపండి. ఆ కొమ్మ వైపే పొడవునా చిన్న గాడి తగిలి, పై కణుపు దాటాక గాడి రెండో వైపుకు మారితే, కణుపుకు చిన్నదీ పెద్దదీ రెండే కొమ్మలుంటే అది ఫిల్లోస్టాకిస్. గాడి లేకుండా కణుపుకు గుత్తిగా కొమ్మలుంటే మీకు అమ్మింది పొద రకమే, దాన్ని నిశ్చింతగా నేలలో పెట్టుకోవచ్చు. పాకే రకమని తేలితే అమ్మినవాళ్లకు తిరిగి పంపండి. తీసుకోకపోతే, పచ్చదనం మీద ఆశ తీరనే లేదంటే, రెంటిని మాత్రం పశువుల నీళ్ల గోలెంలో పెట్టి ఇంటి నీడన ఉంచుకోండి. గోలెం నేలకు ఆనకూడదు, ఇటుకల మీద నిలబెట్టాలి. నేలకు ఆనితే అడుగు రంధ్రంలోంచి దుంప మట్టిలోకి దిగిపోతుంది. రెండేళ్లకోసారి బయటికి తీసి దుంప సగం కోసేయాలి. మిగతా వాటిని, కోసిన ముక్కల్ని బండ మీద పూర్తిగా ఎండబెట్టి కాల్చేయండి. వాగులో, కాలువ గట్టున పడేయొద్దు. అక్కడ తడి దొరికిందంటే కింద ఊరివాళ్లకు తలనొప్పి.

మీ అన్న కొడుక్కు ఈ రాత్రే ఫోన్ చేసి దుంప తేవద్దని చెప్పండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి పత్రం, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా నాటే దుంప దేశంలోకి తేవడం నేరం. దుంపకు అంటిన చెంచాడు మట్టిలో ఏ నులిపురుగు, ఏ బూజు ఉందో కంటికి కనపడదు. పక్కనే మూడెకరాల బత్తాయి పెట్టుకొని ఆ రిస్క్ తీసుకోకూడదు.

సాధన వెదురు మొక్కల కోసం దగ్గర్లోని అటవీశాఖ నర్సరీలో, ఉద్యానశాఖ ఆఫీసులో ఇప్పుడే అడిగి పేరు రాయించుకోండి. గుంతలు మే నెలలోనే తవ్వించి ఎండనివ్వండి. మృగశిర కార్తెలో నేల జానెడు లోతు తడిసిన తర్వాతే నాటండి, మొదటి జల్లుకే తొందరపడొద్దు.